ప్రధాన సంఖ్యలపై డేటా సఫిషియెన్సీ: వేరే జవాబిచ్చే రెండో సంఖ్య ఉందా?

పోటీ పరీక్షల్లో వచ్చే డేటా సఫిషియెన్సీ లెక్కలో ఒక ప్రశ్న, దాని కింద రెండు ప్రకటనలు ఉంటాయి; జవాబు చెప్పడానికి ఏ ప్రకటన చాలు, లేక రెండూ కావాలా అన్నది తేల్చాలి. ఇందులో లెక్కను చివరిదాకా చేయనక్కర్లేదు. ఇచ్చిన సమాచారంతో ఒకే ఒక్క జవాబు వస్తుందో లేదో తేలిస్తే చాలు. అందుకే ఒక ప్రకటన చదవగానే దానికి సరిపడే సంఖ్య ఒకటి రాసుకోండి. వెంటనే, అదే ప్రకటనకు సరిపోతూ వేరే జవాబిచ్చే రెండో సంఖ్య కోసం వెతకండి. దొరికిందా, ఆ ప్రకటన చాలదు. దొరక్కపోతే ఎందుకు దొరకదో కారణం చెప్పగలగాలి. నాలుగు సంఖ్యలు వేసి చూసి ‘చాలు’ అనేస్తే పప్పులో కాలేసినట్టే.

ముందుగా వేసి చూడాల్సినవి 1, 2, 3, 9, 25. 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు. 2 ఒక్కటే సరి ప్రధాన సంఖ్య. 9, 25 బేసి సంఖ్యలే కానీ ప్రధాన సంఖ్యలు కావు. 51, 57, 87, 91 చూడ్డానికి ప్రధాన సంఖ్యల్లా ఉంటాయి గానీ మొదటి మూడూ 3తో, 91 ఏమో 7తో తెగుతాయి. 100 లోపు సంఖ్యను 2, 3, 5, 7తో భాగించి చూస్తే సరిపోతుంది.

మొదటి లెక్క. ఎన్ ధన పూర్ణ సంఖ్య. అది ప్రధాన సంఖ్యేనా?
(1) ఎన్‌కు ఉన్న కారణాంకాల సంఖ్య బేసి.
(2) ఎన్ 10కి, 20కి మధ్య ఉంది.

కారణాంకాల సంఖ్య బేసి అయ్యేది వర్గ సంఖ్యలకే: 1, 4, 9, 16... వీటిలో ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు. కాబట్టి జవాబు ఖాయంగా ‘కాదు’. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే: ‘కాదు’ అని తేలితే సమాచారం చాలలేదనుకుంటారు. ఖాయమైన ‘కాదు’ కూడా పూర్తి జవాబే. రెండో ప్రకటనకు 11, 12 రెండూ సరిపోతాయి, అంటే చాలదు. మొదటిదొక్కటే చాలు.

రెండో లెక్క. పి, క్యూ ప్రధాన సంఖ్యలు. పి ఎంత?
(1) పి + క్యూ = 33
(2) పి > క్యూ

మొత్తం బేసి కాబట్టి రెంటిలో ఒకటి 2, రెండోది 31. కానీ ఏది పి? తెలియదు. రెండో ప్రకటన ఒక్కటే దేనికీ పనికిరాదు. రెండూ కలిపితే పి = 31. ఇదే సమాచారంతో ‘పి, క్యూల లబ్ధం ఎంత’ అని అడిగి ఉంటే మొదటిదొక్కటే చాలేది, ఎటు తిప్పినా 62. ప్రశ్నలో చివరి మాటను రెండుసార్లు చదవమనేది ఇందుకే. మొత్తం సరి సంఖ్య అయితే ఈ కిటుకు పనిచేయదు. 10ని 3 + 7గానూ, 5 + 5గానూ రాయొచ్చు. రెండు సంఖ్యలూ వేర్వేరు అని ప్రశ్న చెప్పకపోతే 5 + 5ను వదిలేయకూడదు.

మూడోది అసలైన వల. పి ఎంత?
(1) పి, పి + 2, పి + 4 మూడూ ప్రధాన సంఖ్యలు.
(2) పి 10 కన్నా చిన్న బేసి ప్రధాన సంఖ్య.

రెండూ కలిపితే 3 అని సులువుగా తేలిపోతుంది, అందుకే ‘రెండూ కావాలి’ అనాలనిపిస్తుంది. కానీ ఆ మూడు సంఖ్యల్లో ఒకటి ఎప్పుడూ 3 గుణిజమే. ప్రధాన సంఖ్య కూడా అవ్వాలంటే అది 3 అయి తీరాలి. పి + 2 = 3 అయితే పి = 1, అది ప్రధాన సంఖ్య కాదు. పి + 4 = 3 అయితే పి ఋణ సంఖ్య. కనుక పి = 3, మొదటి ప్రకటనే చాలు. రెండో దానికి 3, 5, 7 మిగులుతాయి.

ఇంకొక్క జాగ్రత్త. రెండో ప్రకటనకు వచ్చేసరికి మొదటిదాన్ని చేత్తో మూసేయండి. ‘పి స్క్వేర్‌ను 12తో భాగిస్తే శేషమెంత’ అన్న ప్రశ్నకు మొదటి ప్రకటన ‘పి 3 కన్నా పెద్ద ప్రధాన సంఖ్య’ అనీ, రెండోది ‘పి బేసి ప్రధాన సంఖ్య’ అనీ ఉందనుకోండి. మొదటి దానితో శేషం ఎప్పుడూ 1. అది మనసులో ఉండిపోతే రెండో దానిలో 3ను వేసి చూడడం మర్చిపోతారు. 3 వేస్తే శేషం 9.