పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఇంజిన్ ఇంట్లో విప్పేముందు జాగ్రత్తలు

- ముందుగా చక్రాలకి అడ్డాలు పెట్టండి. గేర్‌లో ఉందిగా అనుకోవద్దు, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) న్యూట్రల్‌లో ఉంటే గేర్ వేసున్నా బండి దొర్లిపోద్ది.
- బ్యాటరీ నెగటివ్ వైరు ఫస్ట్ తీసేయాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర్లోనే ఉండాలి.
- తీసిన కూలెంట్ మూత లేకుండా వదిలేయకండి, తియ్యగా ఉంటది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి.
- ఇంజిన్ హాయిస్ట్‌కి (పైకి ఎత్తే క్రేన్‌కి) వేలాడుతున్నంతసేపు ఎవరూ కింద చెయ్యి పెట్టకూడదు, "ఒక్క నిమిషం రా" అనే ఫ్రెండ్‌తోనే డేంజర్. ఇంజిన్ బయటికొచ్చాక గేర్‌బాక్స్ కింద సపోర్ట్ మర్చిపోవద్దు.
- అసలు కొంప మునిగేది పార్టులు కలిసిపోతేనే. మెయిన్ బేరింగ్ క్యాప్‌లు (క్రాంక్‌షాఫ్ట్‌ని బ్లాక్‌కి పట్టుంచేవి) ఏది ఏ స్థానంలోదో, కనెక్టింగ్ రాడ్ క్యాప్‌లు (పిస్టన్ రాడ్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి పట్టుంచేవి) ఏది ఏ సిలిండర్‌దో, ఎటు తిరిగుందో విప్పకముందే మార్క్ చేసి ఫోటోలు తీస్కోండి, ఎందుకంటే వాటిని జతగా పెట్టే బోర్ చేస్తారు (రంధ్రం తొలుస్తారు), మారిస్తే క్రాంక్‌షాఫ్ట్ బిగిసిపోవచ్చు లేదా బేరింగ్ పోద్ది. బోల్టులు కవర్లలో వేసి పేరు రాయండి, నలుగురు నాలుగు వైపులా విప్పితే ఎవడికీ ఏదీ గుర్తుండదు.
- తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (బోల్టు ఎంత గట్టిగా బిగించాలో కొలిచే పానా) పట్టేది ఒక్కడే, ఇంకొకడు మాన్యువల్ చూసి నంబర్ చదవాలి. కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు (సిలిండర్ హెడ్‌ని బ్లాక్‌కి బిగించేవి) మళ్లీ వాడకూడదు, అది ముందే చూస్కోండి.