ఊలు చాలుతుందో లేదో వంటింటి కాటా చెప్పేస్తుంది

చారల గుండ్రటి దుప్పటి క్రోషేతో, అంటే కొక్కెం సూదితో, అల్లుతుంటే, వరస ముప్పావు వంతు అయ్యాక ఊలు ఉండ అయిపోవడం మహా చిరాకు. ఆ వరసంతా విప్పాలి, లేదా చార మధ్యలో రంగు మార్చాలి.

వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే చాలు. వరస మొదలుపెట్టే ముందు ఉండను తూచండి, పూర్తయ్యాక మళ్లీ తూచండి. ఆ తేడాయే వరసకు పట్టిన ఊలు. డబుల్ క్రోషేలో (అమెరికా పేర్ల ప్రకారం, కాస్త పొడవాటి కుట్టు) 12 కుట్లతో మొదలుపెట్టి వరసకు 12 చొప్పున పెంచుతాం కదా, 10వ వరసలో 120 కుట్లు, 20వ వరసలో 240. అంటే 10వ వరసకు 6 గ్రాములు పడితే 20వ దానికి 12, 30వ దానికి 18. అక్కడికొచ్చేసరికి ఉండ 20 గ్రాములు తూగితే ఒక్క వరసే వస్తుంది. మిగిలిన ఆ 2 గ్రాములూ కొసలు దాచడానికి. కొంచెమే ఉన్న రంగులు మధ్యలో కానిచ్చేసి, పెద్ద ఉండలు అంచుకు అట్టేపెట్టుకోవచ్చు. డబ్బాలో పడున్న తుక్కు ఊలంతా నాకు ఇలాగే చెల్లిపోయింది.

లోపలి చిన్న వరసలకు కాటా సరిగ్గా చూపదు, మూడు నాలుగు కలిపి తూచాలి. ఊలు మందం మారినా, కుట్టు మారినా పాత లెక్క పనికిరాదు, ఒక వరస అల్లి కొత్తగా తూచుకోవాల్సిందే.