స్కాటిష్ పటాలం టోపీ: ముందు గళ్లు, ఆ తర్వాతే బిళ్ల

నాందేడ్, దెగ్లూర్, ధర్మాబాద్ వైపు పాత సామాన్ల కొట్లో స్కాటిష్ సైనిక టోపీ చేతికొస్తే ఎవరైనా ముందు దాని మీది లోహపు బిళ్లనే (బ్యాడ్జి) చూస్తారు. బోల్తా పడేది అక్కడే. బిళ్లను ఊడదీసి ఇంకోటి తగిలించడానికి నిమిషం చాలు. ఆకారం, అంచు, గుడ్డ చూశాకే బిళ్ల దగ్గరికి రండి.

పడవలా పొడుగ్గా మడతపడి, వెనక రెండు రిబ్బన్లు వేలాడుతుంటే అది గ్లెన్‌గారీ. దిబ్బరొట్టెలా గుండ్రంగా, ఖాకీ రంగులో, నడినెత్తిన కుచ్చుతో ఉంటే టామ్ ఓ షాంటర్.

గ్లెన్‌గారీ అంచు చుట్టూ చదరంగం గళ్లలాంటి పట్టీ ఉందేమో చూడండి. ఎరుపు, తెలుపు రెండే రంగులైతే ఆర్గైల్ అండ్ సదర్‌ల్యాండ్ హైలాండర్స్. మూడో రంగు కూడా ఉంటే గార్డన్, సీఫోర్త్ లాంటి పటాలాలు. పట్టీ లేకుండా ముదురు రంగు టోపీ అయితే బ్లాక్ వాచ్, కామెరాన్ లాంటి పటాలాలు. మట్టి పట్టిన టోపీలో మూడో రంగు కనబడదు. పొడి బ్రష్‌తో రెండు మూడు గళ్లు దులిపి చూడండి.

టామ్ ఓ షాంటర్‌కి బిళ్ల వెనక టార్టాన్, అంటే పటాలానికో తీరుగా నేసే గళ్ల గుడ్డ, ముక్క కుడతారు. అసలు సంగతి చెప్పేది అదే. నీలం, నలుపు, ఆకుపచ్చ తప్ప ఇంకే గీతా లేకపోతే బ్లాక్ వాచ్ వాళ్ల ప్రభుత్వ టార్టాన్. ఆర్గైల్ వాళ్లదీ అదే, కాస్త లేత ఛాయ. ఆకుపచ్చ మీద పసుపు గీత ఉంటే గార్డన్. ఆకుపచ్చ మీద తెలుపు, నీలం మీద ఎరుపు ఉంటే మెకెంజీ టార్టాన్, అంటే సీఫోర్త్ లేదా హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ. తంటా ఎక్కడంటే, ఏళ్లు గడిచి తెల్ల దారం పసుపు తేలుతుంది, సీఫోర్త్ ముక్క గార్డన్‌లా కనబడుతుంది. ఎరుపు గీత కోసం వెతకండి, గార్డన్‌లో అది ఉండదు. ఇంకా అనుమానముంటే బిళ్ల తీసి దాని కింది చోటు, కుట్టు మడత లోపలి అంచు చూడండి. వెలుతురు తగలని దారం రంగు అక్కడే మిగులుతుంది. గుడ్డ తిరగేసినప్పుడు వెనక వైపు వెలవెలబోతే అది అచ్చు వేసిన గుడ్డ, పెళ్లి బ్యాండు టోపీది కావచ్చు. నేసిన టార్టాన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది.

బిళ్ల లేని టామ్ ఓ షాంటర్‌కి ఎర్ర ఈకల కుచ్చు ఉంటే పారేసుకున్నారని అనుకోకండి. బ్లాక్ వాచ్ వాళ్లు దాంతోనే సరిపెట్టుకునేవారు.

ఇక బిళ్ల. దుప్పి తల కింద డ్యూక్ కిరీటం, చుట్టూ ఐవీ తీగ, ‘బైడాండ్’ అన్న మాట ఉంటే గార్డన్. దుప్పి తల ఉండి మాట వేరైతే సీఫోర్త్. అడవిపంది తల, పిల్లి పక్కపక్కన ఉంటే ఆర్గైల్. నక్షత్రం మీద కొమ్ము బూర, కింద ‘అసాయే’ అన్న పట్టీ, దాని కింద ఏనుగు ఉంటే హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీ. ఈ అసాయే మనకు దూరమేం కాదు, జాల్నా జిల్లాలోని ఊరే. 1803 సెప్టెంబరు 23న బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ సైన్యం మరాఠా పాలకులు సింధియా, భోంస్లేల సైన్యంతో తలపడింది అక్కడే. ఆ రోజు పోరాడిన 74వ పటాలం 1881లో హైలాండ్ లైట్ ఇన్‌ఫంట్రీలో కలిసింది, ఏనుగు దాని వెంట వచ్చింది. ఏనుగు బొమ్మ ఒక్కటే చూసి తేల్చకండి, పట్టీ మీది అక్షరాలు చదవండి.

బిళ్లను తిప్పి చూడండి. అచ్చు గుద్ది చేసిన దానికి ముందు బొమ్మ వెనక గుంటగా దిగి ఉంటుంది. వెనక చదునుగా, చిన్న చిన్న గుంటలతో ఉండి, ముందు దుప్పి కొమ్ముల అంచులు మొద్దుగా ఉంటే పోత నకలని అనుమానించండి. అయితే అధికారుల వెండి బిళ్లల్లో పోత పోసినవీ ఉన్నాయి.

కాలం తేల్చాలంటే రాచ కిరీటం చూడాలి. పైన వంపులు గుండ్రంగా ఉంటే 1901 నుంచి 1952 దాకా రాజుల కాలం, మధ్యలో కుంగితే రెండో ఎలిజబెత్ రాణి కాలం. గార్డన్ బిళ్లలో ఉన్నది డ్యూక్ కిరీటం కాబట్టి ఈ లెక్క దానికి పనికిరాదు.

బిళ్ల తోమడానికి చింతపండు, ఇటుక పొడి మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆ పులుపుకి, రాపిడికి వెండి పూత లేచిపోయి కింది లోహం తేలుతుంది.