నొప్పులున్నా పరుగు మానకుండా ఉండటం ఎలా?

ఉదయం ఆరున్నర ప్రాంతంలో నెక్లెస్ రోడ్డుకు వెళ్లి, పరుగు ముగించుకుని చెమట తుడుచుకుంటున్న నలభై దాటినవాళ్ల పక్కన కాసేపు నిలబడండి. ఎవరెంత వేగంగా పరిగెత్తారన్న మాట తక్కువే వినిపిస్తుంది. ఒకరికి మడమ, ఒకరికి మోకాలు, ఇంకొకరికి నడుము. నేనూ ఆ గుంపులోవాణ్నే. ఎడమ మడమ నొప్పితో విసిగి ఒకసారి అయిదు నెలలు పరుగు మానేశాను. నొప్పి పోయింది. మళ్లీ మొదలుపెట్టిన మూడో వారానికి, గొడుగు మరిచిపోయి వెళ్లిన చుట్టంలా తిరిగి వచ్చింది. విశ్రాంతి నొప్పిని తగ్గిస్తుందే కానీ, పరుగును మోసే శక్తిని కాలికి ఇవ్వదని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత పట్టుకున్న పద్ధతి ఇది.

1. ముందు డాక్టరు సంగతి తేల్చుకోండి

అన్ని నొప్పులతోనూ సర్దుకుపోకూడదు. ఎముక మీద ఒక్క చోట వేలితో నొక్కితే విలవిల్లాడేలా ఉంటే అది సన్నని చీలిక కావచ్చు. కీలు వాచినా, మోకాలు మడిచినప్పుడు బిగుసుకుపోయినా, కాలు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా, కుంటుతూ పరిగెత్తాల్సి వస్తున్నా ఎముకల డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం లాంటివైతే అక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా మిగిలిన మొండి నొప్పుల గురించే.

2. మార్కులు మరునాడు వేయండి

ఒళ్లు వేడెక్కాక నొప్పి అబద్ధం చెబుతుంది. మూడో కిలోమీటరులో మాయమైందని సంబరపడి ఎనిమిది పరిగెత్తిన రోజులు నాకు బాగా గుర్తు. అసలు తీర్పు మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా సాగే పట్టీ రాత్రంతా బిగుసుకుని ఉంటుంది. దాని మీద ఒక్కసారిగా బరువు పడగానే మేకు గుచ్చినట్టు ఉంటుంది. డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అనే మడమ నొప్పికి ఇదే ఆనవాలు.

ఆ అడుగులో నొప్పికి పదికి ఎన్ని మార్కులో (నొప్పి ఎక్కువైతే మార్కులూ ఎక్కువే) క్యాలెండరులో ఆ తేదీ కిందే రాసుకోండి. పరుగులో మూడుకు మించకుండా, మర్నాటికి ఎప్పటి స్థాయికే వస్తే అదే దూరం కొనసాగించవచ్చు. ఎక్కువైతే తర్వాతి పరుగు తగ్గించాలి. మోకాలికైతే మంచానికి బదులు మెట్లు దిగేటప్పుడు చూసుకోండి.

3. ఎత్తుపల్లాలు, వేగం, ఆ తర్వాతే దూరం

తగ్గించడంలోనూ వరుస ఉంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాళ్లకు ఇంటి గేటు దాటితే ఎత్తుపల్లాలే. ఎక్కేటప్పుడు పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద భారం పెరుగుతుంది, దిగేటప్పుడు మోకాలి మీద. నొప్పి ఉన్నన్నాళ్లూ హుస్సేన్ సాగర్ ఒడ్డున చదును దారి మేలు. వారంలో ఒకరోజు చేసే వేగం పరుగులు కూడా అప్పటిదాకా ఆపండి. అలసిపోకముందే నడక కలపండి: నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. మొదట్లో నామోషీగానే ఉంటుంది, పక్క నుంచి కాలేజీ పిల్లలు దాటిపోతుంటే మరీను.

మోకాలికి ఇంకొక చిట్కా ఉంది. ముప్పై సెకన్లలో కుడి పాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టండి. 40 వస్తే, అదే వేగంలో 42కు పెంచండి. అడుగు పొట్టిదై, పాదం ఒంటికి దగ్గరగా పడి, మోకాలి మీద భారం తగ్గుతుంది.

4. మెట్టు మీద తువ్వాలు

నా మడమను దారికి తెచ్చింది ఇదే. పాత తువ్వాలును చుట్టి మెట్టు అంచున పెట్టండి. కాలి వేళ్లు దాని మీదకు ఎక్కి పైకి వంగి ఉండాలి, మడమ గాలిలో ఉండాలి. గోడ పట్టుకుని మూడు సెకన్లలో మడమ పైకి లేపి, రెండు సెకన్లు నిలిపి, మూడు సెకన్లలో కిందికి దించండి. పన్నెండేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో. అదీ తేలికైతే వీపున సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకోండి. మా ఇంట్లో మొదటి వారం అందరూ నవ్వారు. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి పది రోజులకే తేల్చేయకండి. మోకాటి చిప్ప దగ్గర సలుపు ఉన్నవాళ్లు గోడ కుర్చీ వేయవచ్చు. చిన్నప్పుడు బడిలో శిక్షగా వేసిందే.

5. మిగతావి

బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మెత్తదనం కోల్పోతాయి. పైకి కొత్తగా కనిపించినా మార్చేయండి. పరుగుకు ముందు నొప్పి మాత్ర మాత్రం వద్దు. అది నొప్పి చెప్పే మాటను నొక్కేస్తుంది. పైగా బాగా చెమట పట్టే మన ఎండల్లో ఇబుప్రొఫేన్ లాంటివి మూత్రపిండాలకు భారం. పరుగు కుదరని వారాల్లో సైకిల్ తీయండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరిచారు, నీడ ఉంటుంది.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇవ్వాలనుకుంటే, దారిలో వచ్చే ఫ్లైఓవర్లను లెక్కలో వేసుకుని ఈ ఏడాదికి పది కిలోమీటర్లే ఎంచుకోండి. నేను ఇరవై ఒకటి అనుకుని పదికి దిగాను. ఈ సోమవారం మడమకు వేసిన మార్కులు రెండు. బుధవారం నలభై నిమిషాలు, నడకతో కలిపి.