పాత పీఎం, కొత్త అజైల్: ఎక్కడ పట్టేస్తుంది, ఎలా వదిలించాలి

నేను 11 ఏళ్ళు ప్రాజెక్ట్ మేనేజర్‌గా (పీఎం) చేసి అజైల్ వైపు, అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న ముక్కలుగా పూర్తిచేసి చూపిస్తూ, మధ్యలో మార్చుకుంటూ పోయే పద్ధతి వైపు వచ్చినవాణ్ణి. ఇప్పుడు బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో నాలాంటి పీఎంలకు ఈ దారి అలవాటు చేయించడమే నా ఉద్యోగం. వాళ్ళలో మనవాళ్ళు చాలామంది. మీటింగ్ ఇంగ్లీషులో నడుస్తుంది, అసలు సంగతి మాత్రం తర్వాత కింద టీ కొట్టు దగ్గర తెలుగులో బయటపడుతుంది. ఈ కింద రాసినవి అక్కడ విన్న బాధలే.

ఒక్క మాట ముందే చెప్పాలి. "ఆయన పాతకాలం మనిషి, మారడు" అనుకుని మొదలుపెడితే ఏ మందూ పనిచేయదు. నేను చూసినంతలో పీఎం మొండితనం కన్నా, ఆయన్ని పైవాళ్ళు అడిగే ప్రశ్న మారకపోవడమే పెద్ద చిక్కు. శుక్రవారం సాయంత్రం డైరెక్టర్ "ఎంత శాతం అయింది?" అని అడుగుతున్నంతకాలం, సోమవారం పొద్దున పీఎం టీమ్‌ని అదే అడుగుతాడు. గోడ మీద ఎన్ని రంగుల చీటీలు అంటించినా అంతే.

సమస్య: 15 నిమిషాల స్టాండప్ ముప్పావుగంట సాగుతోంది

స్టాండప్ అంటే టీమ్ రోజూ నిలబడి జరుపుకునే చిన్న మీటింగ్. ఒక టీమ్‌లో కళ్ళారా చూసింది చెప్తాను. తొమ్మిదిమంది అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. మధ్యలో పీఎం, చేతిలో ల్యాప్‌టాప్, అందులో ఎక్సెల్. గుంటూరు వైపు పెద్దాయన, 20 ఏళ్ళ సర్వీసు, మంచి మనిషి. ఒక్కొక్కరే నిన్న చేసింది ఆయనకి అప్పజెప్తున్నారు, ఆయన టైప్ చేసుకుంటున్నారు. ఒకమ్మాయి "టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ డౌన్ అయింది సార్" అంది. ఆయన తలెత్తకుండా "సరే, శాతం ఎంత వేసుకోమంటావ్?" అన్నారు. "అరవై సార్." అరవై పడింది. ఆ ఎన్విరాన్‌మెంట్ ఇంకో మూడు రోజులు లేవలేదు. దాన్ని రీస్టార్ట్ చేసే యాక్సెస్ ఉన్న కుర్రాడు ఆ అమ్మాయి పక్కనే నిలబడ్డాడు. తన వంతు అయిపోయింది కాబట్టి ఫోన్ చూసుకుంటున్నాడు.

కారణం: అది ఎవరి మీటింగో తేలలేదు. అజైల్‌లో బాగా వాడుకలో ఉన్న స్క్రమ్ అనే పద్ధతిలో ఈ 15 నిమిషాలు టీమ్ తన పని తాను సర్దుకోవడానికి పెట్టుకున్నవి. పెద్దాయనకేమో శుక్రవారానికి ఎక్సెల్ నిండాలి. అది నింపడానికి వేరే దారి ఎవరూ చూపించలేదు.

పరిష్కారం: ముందు ఎక్సెల్ అవసరం పోగొట్టండి. పని కదిలినప్పుడల్లా టీమ్ బోర్డు మీద కార్డు జరిపితే, స్టేటస్ అక్కడే ఉంటుంది. డైరెక్టర్‌కి కూడా ఆ బోర్డు లింకే ఇవ్వండి. తర్వాత స్టాండప్‌లో మనుషుల వరుస మానేసి పనుల వరుస పట్టండి: బోర్డులో కుడి చివర నుంచి, అంటే పూర్తవడానికి దగ్గరగా ఉన్న పని నుంచి మొదలుపెట్టి ఎడమకి రండి. "నిన్న ఏం చేశావ్, ఇవాళ ఏం చేస్తావ్, అడ్డంకి ఏంటి" అనే మూడు ప్రశ్నల్ని స్క్రమ్ నియమాల పుస్తకం, అంటే స్క్రమ్ గైడ్, 2020 ప్రతిలోనే తీసేశారు. చాలా ఆఫీసులకి ఆ కబురు ఇంకా చేరలేదు.

పీఎంకి రెండు వారాలు ఒకటే నియమం. వెనకాల నిలబడాలి, ప్రశ్న అడగకూడదు, అయ్యాక ఒక అడ్డంకి పట్టుకెళ్ళి తీర్చుకురావాలి. ఇది చెప్తే పెద్దాయన "అంటే గోడకి బల్లిలా ఉండాలా బాబూ?" అన్నారు. అవునండీ అన్నాను. మొదటి రెండు రోజులు ఆయన పడ్డ టెన్షన్ చూడాలి! మూడో రోజు ఇన్‌ఫ్రా మేనేజర్‌కి ఆయన చేసిన ఒక్క ఫోన్‌తో రెండు వారాలుగా ఆగిన సర్వర్ వచ్చింది. నిన్నగాక మొన్న సర్టిఫికెట్ తెచ్చుకున్న స్క్రమ్ మాస్టర్ (టీమ్ ఈ పద్ధతిలో నడిచేలా చూసేవాడు) వారం తిరిగినా ఆ పని కాదు.

సమస్య: అన్నీ 90 శాతం, ఒక్కటీ పూర్తికాదు

కారణం: ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదన్న పాత లెక్క. పీఎం బుర్రలో యుటిలైజేషన్ మీటర్ తిరుగుతూ ఉంటుంది. ఒకడు రివ్యూ కోసం ఎదురుచూస్తుంటే చూడలేడు, ఇంకో పని అంటగడతాడు. అలా ఆరుగురి చేతుల్లో 24 పనులు చేరతాయి.

జాన్ లిటిల్ 1961లో గణితంగా నిరూపించిన ఒక సూత్రం ఉంది. చేతిలో ఉన్న పనుల్ని, వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. 24 పనులు చేతిలో ఉండి వారానికి నాలుగు పూర్తవుతుంటే, ఏ పనికైనా సగటున 6 వారాలు. అదే వేగంతో చేతిలో 12 మాత్రమే ఉంచుకుంటే 3 వారాలు. ఎవరూ రాత్రుళ్ళు కూర్చోలేదు, కొత్త మనిషినీ తీసుకోలేదు. ఏ పని ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని గీసే గాంట్ చార్టులతో పెరిగిన పీఎంలకి ఉపన్యాసాల కన్నా ఈ భాగహారం బాగా పనిచేస్తుంది. వాళ్ళు లెక్కల మనుషులు.

పరిష్కారం: బోర్డులో ఒక్కో గడికి పరిమితి పెట్టండి, దీన్నే విప్ (వర్క్ ఇన్ ప్రోగ్రెస్, అంటే చేతిలో ఉన్న పని) లిమిట్ అంటాం. టెస్టింగ్ గడిలో మూడే అన్నారనుకోండి, నాలుగోది దూరదు. డెవలపర్ ఖాళీ అయితే కొత్త పని తెరవకుండా టెస్టింగ్‌కి సాయం పోవాలి. మారతహళ్ళిలో ఏ ఆంధ్రా మెస్‌లోనైనా చూడండి. వడ్డించేవాడు ఆకులో నాలుగు గరిటెల పప్పు ఒకేసారి పోసి వెళ్ళిపోడు. ఆకు ఖాళీ అవడమే అతనికి పిలుపు. టొయోటా కార్ల కంపెనీలో తయిచి ఓనో అనే ఇంజనీరు చేసిందీ ఇలాంటిదే. అమెరికా సూపర్‌మార్కెట్లలో కొన్నవాళ్ళు తీసుకెళ్ళిన మేరకే అరని మళ్ళీ నింపడం ఆయన్ని ఆకట్టుకుంది. తర్వాతి స్టేషన్ అడిగితేనే దానికి ముందు స్టేషన్ తయారుచేసేలా కాన్‌బాన్ అనే చీటీలు పెట్టారు.

మొదటి వారం పీఎంకి ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టు ఉంటుంది. ఓర్చుకోమనండి. పరిమితిని రెండో వారమే సడలిస్తే మొదటికి వస్తారు.

సమస్య: లీన్ అనగానే "ఎంతమందిని తీసేస్తారు?" అన్న ప్రశ్న

లీన్ అంటే టొయోటా నుంచి వచ్చిన, పనిలో వృథాని తీసేసే పద్ధతి. కారణం: ఆ భయం ఊరికే పుట్టలేదు. ఖర్చు కోతకి ఆ పేరు తగిలించిన కంపెనీలు ఉన్నాయి. కానీ టొయోటా లెక్కలో వృథా అంటే మనిషి కాదు. ఎదురుచూపు, అవసరానికి ముందే చేసి పెట్టుకోవడం, పేరుకున్న సరుకు, తప్పులు, అనవసరపు రవాణా, కదలిక, అక్కర్లేని పని. మొత్తం ఏడు.

పరిష్కారం: స్లైడ్లు మూసేసి ఒక్క టికెట్ (సిస్టమ్‌లో నమోదైన ఒక పని) పట్టుకోండి, పుట్టినప్పటి నుంచి కస్టమర్‌కి చేరేదాకా దాని వెనక పీఎంతో కలిసి నడవండి. మా దగ్గర ఇన్‌వాయిస్‌లో ఒక చిన్న మార్పుకి 21 రోజులు పట్టింది. తేదీలు కాగితం మీద వేసి చూస్తే, మనిషి చెయ్యి పడింది 3 రోజులే. మిగతా 18 రోజులు ఎవరో ఒకరి ఇన్‌బాక్స్‌లో నిద్ర. అందులో సెక్యూరిటీ అనుమతి ఒకటి. ఆ కమిటీ గురువారాలు మాత్రమే కూర్చుంటుంది, మావాళ్ళు పంపేది శుక్రవారం. ఇన్నాళ్ళూ కోడింగ్ వేగం పెంచమని టీమ్‌ని తోముతున్నాం. చిన్న మార్పులకి గురువారం దాకా ఆగక్కర్లేదని కమిటీని ఒప్పించడం పీఎంకే చేతనైంది.

సమస్య: పేరుకి స్ప్రింట్, నడక వాటర్‌ఫాల్

స్ప్రింట్ అంటే కొద్ది వారాల పని విడత, దాని చివర వాడదగ్గ ముక్క ఒకటి రావాలి. వాటర్‌ఫాల్ అంటే ఒక దశ అయ్యాకే ఇంకో దశ మొదలయ్యే పాత పద్ధతి. ఇక్కడేమో మొదటి వారం డిజైన్, రెండో వారం కోడింగ్, టెస్టింగ్ "వచ్చే స్ప్రింట్‌లో". కారణం పనిని పొరలుగా కోయడం: డేటాబేస్ ఒక కార్డు, స్క్రీన్ ఒక కార్డు, టెస్టింగ్ ఇంకో కార్డు. పాత ప్లాన్‌లో దశలుగా ఉన్నవే ఇక్కడ కార్డులయ్యాయి.

పరిష్కారం: పనిని నిలువుగా కోయండి. రీఫండ్ ఫీచర్ తీసుకుందాం. మొదటి కార్డు: యూపీఐతో కట్టిన ఒక్క ఆర్డర్‌కి పూర్తి సొమ్ము వెనక్కి వెళ్ళాలి. అంతే. కార్డు చెల్లింపులు, సగం రీఫండ్, కూపన్ గొడవ తర్వాత. మొదటి ముక్క చిన్నదే అయినా అందులో స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా అన్నీ ఉన్నాయి, టెస్టింగ్‌తో సహా. "అయిపోయింది" అన్న మాటకి అర్థం కూడా టీమ్ అంతా కలిసి రాసి గోడకి అంటించుకోవాలి. లేకపోతే డెవలపర్ అయిపోయిందంటాడు, టెస్టర్ చూడనే లేదంటాడు.

సమస్య: వెలాసిటీ పెరుగుతోంది, కస్టమర్‌కి ఏమీ చేరట్లేదు

వెలాసిటీ అంటే ఒక స్ప్రింట్‌లో పూర్తయిన పనుల పాయింట్ల మొత్తం. ఏ పనికి ఎన్ని పాయింట్లో టీమే అంచనా వేసుకుంటుంది. ఎవరో పై నుంచి వెలాసిటీకి టార్గెట్ పెట్టారు, లేదా రెండు టీమ్‌లని పోల్చారు. నిన్నటి 5 పాయింట్ల పని ఇవాళ 8 అయింది. ఇందులో మోసం కూడా లేదు, మనుషులంతే. ఆ అంకెని టీమ్ గది దాటనివ్వకండి. పైకి పంపాల్సి వస్తే వారానికి ఎన్ని పనులు కస్టమర్‌కి చేరాయో, ఒక్కో పనికి ఎన్ని రోజులు పట్టిందో పంపండి.

సమస్య: "అజైల్ సరే, డేట్ ఎప్పుడు?"

పీఎంని రాత్రి నిద్రపోనివ్వనిది ఇదొక్కటే. క్లయింట్‌తో కాంట్రాక్టులో తేదీ ఉంది, దాటితే పెనాల్టీ ఉంది. అప్పుడు నాలాంటి కోచ్ వచ్చి "అజైల్‌లో తేదీలు ఉండవు" అంటే ఆయన మనల్ని ఇంకెప్పుడూ నమ్మడు. నమ్మకూడదు కూడా. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది కలిసి రాసిన అజైల్ మేనిఫెస్టోలో (ఈ పద్ధతికి మూల ప్రకటన) ప్లాన్ వద్దని లేదు. ప్లాన్‌కి విలువ ఉంది, మార్పుకి తగ్గట్టు నడుచుకోవడానికి అంతకన్నా ఎక్కువ విలువ ఉంది అని మాత్రమే ఉంది.

కారణం: తేదీని వాగ్దానంగా తప్ప అంచనాగా చెప్పే అలవాటు లేకపోవడం. అందుకే పుచ్చకాయ రిపోర్టులు పుడతాయి, పైన ఆకుపచ్చ, కోస్తే ఎరుపు.

పరిష్కారం: గడిచిన ఎనిమిది వారాల్లో ఏ వారం ఎన్ని పనులు పూర్తయ్యాయో రాయండి. తక్కువలో తక్కువ 3, ఎక్కువలో ఎక్కువ 6 అనుకుందాం. మిగిలినవి 40. అంటే కనీసం 7 వారాలు, ఎక్కువలో ఎక్కువ 14. క్లయింట్‌కి ఆ రెండు అంకెలూ చెప్పండి, ప్రతి రెండు వారాలకీ మళ్ళీ లెక్కగట్టి చూపించండి. తేదీ కదలదంటే సరే, అది కదలదు. అప్పుడు కదిలేది పనుల జాబితా. 40లో ఏ 25 ముందు కావాలో క్లయింట్‌ని కూర్చోబెట్టి వరుస పెట్టించండి. ఈ బేరం ఆడటంలో పాత పీఎంని మించినవాడు లేడు. ఇన్నాళ్ళూ ఆ నేర్పంతా చేంజ్ రిక్వెస్టుల (ఒప్పుకున్న పనిలో మార్పులు కోరే కాగితాల) మీద ఖర్చయిపోయింది.

సమస్య: రెట్రోలో ఎవరూ నోరు విప్పరు

ఏది బాగా జరిగింది, ఏది మార్చుకోవాలి అని స్ప్రింట్ చివర టీమ్ మాట్లాడుకునే మీటింగే రెట్రో. అప్రైజల్ రాసే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎవరు విప్పుతారు? మొదటి నాలుగు రెట్రోలకి పీఎంని రావద్దనండి. ఒక్కోదాంట్లో ఒక్కటంటే ఒక్కటే మార్పు ఎంచుకుని, వచ్చే రెట్రోలో ముందుగా దాని సంగతే అడగండి. పన్నెండు యాక్షన్ ఐటమ్స్ రాసుకున్న రెట్రోకీ, అసలు జరగని రెట్రోకీ నాకు తేడా కనబడలేదు.

సమస్య: పీఎం అన్నిటికీ తలూపుతాడు, ఏదీ చేయడు

కారణం ఆయన పైకి చెప్పడు. స్క్రమ్‌లో ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు కావాలో తేల్చేవాడు), స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు ఉన్నారు, ప్రాజెక్ట్ మేనేజర్ లేడు. ఇంటి లోన్ ఉంది, పిల్లల ఫీజులున్నాయి, ట్రైనింగ్ మొదటి స్లైడ్‌లోనే తన కుర్చీ మాయమైంది. నాకూ ఇదే జరిగింది. ఆ రోజు ట్రైనింగ్ అయ్యాక సిల్క్‌బోర్డ్ జంక్షన్‌లో గంటసేపు ఇరుక్కుని, రెజ్యూమేలో ఇక ఏం రాసుకోవాలి అనే ఆలోచిస్తూ కూర్చున్నాను.

పరిష్కారం: ట్రైనింగ్‌కి ముందే మేనేజర్ ఆయనతో విడిగా కూర్చుని కుర్చీ సంగతి తేల్చాలి. వ్యాపారం, క్లయింట్ అవసరాలు బాగా తెలిసినవాళ్ళు ప్రొడక్ట్ ఓనర్‌గా రాణిస్తారు. మనుషులతో ఓపిక ఉన్నవాళ్ళు స్క్రమ్ మాస్టర్ కావచ్చు. బడ్జెట్, వెండర్లు, నాలుగు టీమ్‌ల మధ్య డిపెండెన్సీలు ఎవరో ఒకరు చూడాల్సిందే, అవి బాగా నడిపేవాళ్ళు డెలివరీ మేనేజర్‌గా ఉండిపోవచ్చు. రెండు రోజుల సర్టిఫికెట్ కోర్సుకి పంపి సోమవారం నుంచి నువ్వు స్క్రమ్ మాస్టర్‌వి అనడం మాత్రం వద్దు. పేరు మారుతుంది, ఎక్సెల్ అలాగే ఉంటుంది.

దేన్ని ముట్టుకోకూడదు

డేటా సెంటర్ ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి మార్చడం, లైసెన్సుల రెన్యువల్, ఆడిట్ ఫైలింగ్ లాంటి పనుల్లో ఏం చేయాలో ముందే తెలుసు, వరుస కూడా తెలుసు. వాటికి గాంట్ చార్టే హాయి. స్ప్రింట్లు పెట్టి సతాయించకండి. మా పెద్దాయన ఇప్పుడు రెండూ నడుపుతున్నారు. టీమ్ పని బోర్డు మీద, సర్వర్ షిఫ్టింగ్ మాత్రం ఆయన పాత ఎక్సెల్‌లో. ఆ ఎక్సెల్‌లో శాతాల కాలమ్‌ని ఆయనే తీసేశారు. దాని స్థానంలో "ఎవరి దగ్గర ఆగింది" అని ఉంది.