ఇంట్లో సొంత వీపీఎన్ పెట్టేముందు ఇది చూడండి

అమీర్‌పేట హాస్టల్ వైఫైలో టెన్షన్ లేకుండా బ్యాంకు పని చేసుకోవడానికి నెలనెలా డబ్బు కట్టి వీపీఎన్ (మీ నెట్ ట్రాఫిక్‌ను ఎవరూ చదవలేకుండా మరో కంప్యూటర్ ద్వారా పంపే దారి) కొనక్కర్లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, అది ఉచితం.

ముందు మాత్రం రౌటర్‌లో వ్యాన్ ఐపీ (నెట్ ఇచ్చేవాళ్లు రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్ నంబరు) చూడండి. గూగుల్‌లో మీ ఐపీ ఎంతో వెతికితే కనిపించే ఐపీవీ4 (చుక్కలతో నాలుగు భాగాలుగా ఉండే) నంబరు, రౌటర్‌లోదీ వేరువేరైతే చాలావరకు మీరు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని నెట్ ఇచ్చేవాళ్లు చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనక ఉన్నట్టే. అప్పుడు వైర్‌గార్డ్ మామూలుగా వాడే 51820 పోర్ట్‌ను రౌటర్‌లో ఎంత ఫార్వర్డ్ చేసినా (అంటే దానికి వచ్చేది ల్యాప్‌టాప్‌కు పంపమని పెట్టినా) బయటినుంచి కనెక్షన్ ఇంటికి చేరదు. ఇది తెలియక నాకు రెండు ఆదివారాలు పోయాయి. నెట్ ఇచ్చేవాళ్లను స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఇచ్చే, మారని బయటి ఐపీ) అడగండి, లేదా సీజీనాట్ ఉన్నా పనిచేసే టెయిల్‌స్కేల్ అనే సర్వీసు వాడండి.

ఇలా ఇంటి వీపీఎన్ వాడితే సైట్లకు కనిపించేది మాత్రం మీ ఇంటి ఐపీయే. వేరే దేశం ఐపీ కావాలంటే డబ్బు కట్టే సర్వీసే తేలిక.