వేసవి ఇంటర్వ్యూలు: వచ్చిన వాళ్ల గుట్టు బయటపడకుండా జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు అయిపోయి, బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ నుంచి జూన్ రెండో వారం దాకా ప్రైవేటు స్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో నియామకాల కాలం. ఈ రోజుల్లో మన గేటు దాటి లోపలికి వచ్చే టీచర్లలో చాలామంది ఇంకా మరోచోట ఉద్యోగంలోనే ఉంటారు. అక్కడ చెప్పకుండా వస్తారు. ఆ సంగతి అక్కడి యాజమాన్యానికి చేరితే ఏమవుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ జీతం ఆగవచ్చు, వేసవి జీతం మాట ఎత్తనివ్వరు, చేరేటప్పుడు తీసుకున్న అసలు సర్టిఫికెట్లు ‘వచ్చే వారం రండి’ అంటూ బీరువాలోనే ఉండిపోతాయి.

ఒక పోస్టుకు పది మంది వస్తే తొమ్మిది మంది తిరిగి పాత స్టాఫ్‌రూముకే వెళ్లాలి. ఎంపికైన వాళ్లు ఎలాగూ రాజీనామా ఇస్తారు. మనం ఉద్యోగం ఇవ్వని ఆ తొమ్మిది మందికే గుట్టు ఎక్కువ అవసరం. కనీసం వాళ్లకున్న ఉద్యోగం మన వల్ల పోకుండా చూడటం ఇంటర్వ్యూకు పిలిచిన వాళ్ల బాధ్యత. ప్రిన్సిపాళ్లు, కరస్పాండెంట్లు, ఆఫీసు సిబ్బంది పిలుపులు మొదలుపెట్టక ముందే ఒక పూట కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోవాలి.

ముందు గేటు దగ్గరి రిజిస్టరు చూడండి. పేరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరిని కలవాలి, ఫోను నంబరు, సంతకం. ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చిన ఫిజిక్స్ మాస్టారు తన కాలేజీ పేరు రాసి లోపలికి వెళ్తారు. పదిగంటలకు వచ్చిన కెమిస్ట్రీ మేడం తన వరుస నింపుతూ పై వరుస చదువుతారు. అదే కాలేజీ మనిషైతే సాయంత్రానికి స్టాఫ్‌రూములో తెలిసిపోతుంది. పుస్తకాల ఏజెంటు వచ్చినా, ఫీజు కట్టడానికి తల్లిదండ్రులు వచ్చినా అదే పేజీ తిప్పుతారు. ఇంటర్వ్యూలకు వచ్చేవాళ్లకు విడి చీటీలు పెట్టండి, ‘ఎక్కడి నుంచి’ అన్న గడి తీసేయండి. వాచ్‌మన్‌కు ఇచ్చే జాబితాలో పేరు, సమయం తప్ప మరేమీ ఉండనక్కర్లేదు. ఒకే సంస్థ నుంచి ఇద్దరు దరఖాస్తు చేస్తే వాళ్లను వేర్వేరు రోజుల్లో పిలవండి. వరండాలో ఒకరికొకరు ఎదురుపడితే ఇద్దరి పరిస్థితీ ఇబ్బందే.

ఫోను విషయంలో సమయమే సగం జాగ్రత్త. బడి వేళల్లో చేయవద్దు. సాయంత్రం చేసినా ‘ఇప్పుడు మాట్లాడవచ్చా?’ అని అడిగాకే మన సంస్థ పేరు చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఎత్తితే పని ఏమిటో చెప్పకూడదు. ఉద్యోగం మారే ఆలోచన ఇంట్లో చెప్పారో లేదో మనకు తెలియదు. మెయిల్ పంపేటప్పుడు అందరి చిరునామాలూ ఒకే వరుసలో పెట్టి పంపడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ఒక్కొక్కరికీ విడిగా పంపండి.

డెమో క్లాసుకు పిల్లలను కూర్చోబెడితే, ఆ పిల్లల ట్యూషన్ స్నేహితులు, అన్నదమ్ములు మరో స్కూల్లో ఉంటారని గుర్తుంచుకోవాలి. ‘ఈ రోజు ఈ మేడం పాఠం చెబుతారు’ అంటే సరిపోతుంది. ఎక్కడ పనిచేస్తున్నారో పిల్లలకు చెప్పే పని లేదు. ఫొటోలు, వీడియోలు తీయవద్దు. స్కూలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే అలవాటు ఉంటే ఈ రెండు నెలలూ పూర్తిగా ఆపండి.

బయోడేటాలకు ఒక తాళం ఉన్న చోటు, ఒక బాధ్యుడు ఉండాలి. వెనకవైపు తెల్లగా ఉందని వాటిని చిత్తు కాగితాలుగా పిల్లలకు పంచడం వెంటనే మానాలి: ఒక మనిషి పుట్టిన తేదీ, చిరునామా, జీతం, ఫోను నంబరు ఆ కాగితం మీద ఉంటాయి. ఎంపిక కానివాళ్ల కాగితాలు తిరిగి ఇవ్వండి, లేదా చింపేయండి. ‘ఉపయోగపడతారేమో చూడండి’ అని అభ్యర్థిని అడగకుండా మరో బ్రాంచికి, మరో స్నేహితుడికి ఫొటో తీసి పంపడమూ తప్పే. ఈ సంగతిలో చట్టం కూడా మనవైపు చూస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు ప్రకటించారు. అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. బీరువాలోని కాగితం దాని పరిధిలోకి రాదు కానీ, స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టిన క్షణం నుంచి వస్తుంది. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక, సమాచారాన్ని సరిగా కాపాడకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంటుంది. జరిమానా ఊసు లేకపోయినా నేను ఇదే చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది అభ్యర్థి గురించి బయట చేసే విచారణ. ఒకే ఊళ్లో ప్రిన్సిపాళ్లందరూ పరిచయస్తులే. ‘మీ దగ్గర లెక్కలు చెప్పే ఆయన ఎలాంటివారండీ?’ అని ఒక్క ఫోను చేస్తే చాలు, అడిగినవారికి జవాబు రాకముందే అవతలివారికి విషయం అందిపోతుంది. ఇంటర్ జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో టీ తాగుతూ అడిగినా అంతే. అక్కడ ఎన్నో కాలేజీల లెక్చరర్లు ఒకచోట ఉంటారు. అలాగని విచారణ మానమని అనడం లేదు. పిల్లలతో మెలిగే సిబ్బందికి పోలీసు తనిఖీ, పూర్వాపరాల పరిశీలన చేయించాలని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నియమాలు స్కూళ్లకు చెబుతున్నాయి. అది తప్పనిసరిగా చేయాల్సిందే. కాకపోతే ఎంపిక చేశాక, అభ్యర్థికి చెప్పి, వారి అనుమతితో చేయండి. అంతకుముందే తెలుసుకోవాలంటే ఇప్పటి యాజమాన్యాన్ని వదిలి, పాత సంస్థలో పరిచయమున్న ఇద్దరి పేర్లు వారినే అడగండి.

కొన్ని యాజమాన్యాలు దరఖాస్తుతో పాటే ఇప్పటి సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మంటాయి. ప్రభుత్వ ఉద్యోగి మరో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఆ పత్రానికి అర్థముంది. అడిగినంత మాత్రాన ఉన్న ఉద్యోగం పోదు. ప్రైవేటు టీచరుకు ఆ భరోసా లేదు. ఇంటర్వ్యూ దశలో ఆ పత్రం అడగడం అన్యాయం.

అవతలి ప్రిన్సిపాల్ సూటిగా ‘మావాళ్లెవరైనా మీ దగ్గరికి వచ్చారా?’ అని అడిగితే? అబద్ధం ఆడనక్కర్లేదు. ‘ఎవరు వచ్చిందీ, రానిదీ మేము బయటకు చెప్పమండీ’ అనాలి. ఎవరూ రాని ఏడాది కూడా ఇదే మాట అనాలి. రానప్పుడు ‘లేదు’ అని, వచ్చినప్పుడు ‘చెప్పం’ అంటే ఆ ‘చెప్పం’ అన్నదే జవాబు అయిపోతుంది. అడిగిన మనిషి మీకు బంధువో, ప్రాణ స్నేహితుడో అయితే ఆ అభ్యర్థి ఎంపిక నుంచి మీరు తప్పుకోవడం మంచిది.

దరఖాస్తు చేసేవాళ్లకు రెండు మూడు మాటలు. కాలేజీ కంప్యూటర్, కాలేజీ మెయిల్, స్టాఫ్‌రూము ప్రింటరు వాడవద్దు. అసలు సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి. ‘ప్రస్తుత సంస్థను సంప్రదించవద్దు’ అని బయోడేటా పైనే రాయండి. నౌకరీ వంటి సైట్లలో మీ వివరాలు ఫలానా సంస్థకు కనిపించకుండా చేసే వీలుంది. ముందు అది సరిచూసుకున్నాకే వివరాలు పెట్టండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి విషయం బయటకు పొక్కుతుంది. మన వైపు నుంచి పొక్కిందని తెలిస్తే ఆ రోజే అభ్యర్థికి ఫోను చేయండి. ఎవరికి తెలిసింది, ఎంతవరకు తెలిసింది, ఎలా తెలిసిందన్నది దాచకుండా చెప్పండి. మర్నాడు ఉదయం బడికి వెళ్లగానే వాళ్లే ముందుగా తమ ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకునే అవకాశం ఉంటుంది. ఎంపిక నిర్ణయం వాయిదాలో ఉంటే దాన్నీ అదే ఫోనులో తేల్చి చెప్పండి: ఉద్యోగం ఇస్తామా, ఇవ్వమా అన్నది ఆ రాత్రికే వాళ్లకు తెలియాలి.